చెయ్యి దూరని చోటికి యంత్రహస్తం

అద్దం ముందు నిలబడి నోరు బాగా తెరిచిన మనిషికి కొండనాలుక, దానికి రెండు పక్కలా టాన్సిల్స్, వాటి వెనుక ఎర్రటి గొంతుగోడ కనిపిస్తాయి గానీ, నాలుక వెనక్కి సాగి ఒక్కసారిగా కిందికి వంగే చోటు, ఆ వంపు అడుగున స్వరపేటికకు మూతలా నిలిచే మెత్తటి మృదులాస్థి, దాని చుట్టూ ఉండే చిన్న చిన్న గుంటలు మాత్రం ఎంత ప్రయత్నించినా కనిపించవు. వైద్యులు నాలుక మొదలు అని పిలిచే ఈ ప్రాంతం పెదవుల నుంచి జానెడు దూరం కూడా ఉండదు. అయినా శస్త్రవైద్యుని కంటికీ చేతికీ శరీరంలో ఇంత దగ్గరగా ఉండి ఇంతగా అందని చోటు మరొకటి లేదని చెప్పవచ్చు. మాట, మింగడం, ఊపిరి అనే మూడు పనులకూ ఇదే కూడలి కావడం వల్ల ఇక్కడ కత్తి ఒక్క గీటు అటూ ఇటూ అయినా మనిషి జీవితాంతం అన్నం ముద్ద కోసం అవస్థ పడవలసి వస్తుంది. చెవి, ముక్కు, గొంతు వైద్యంలోకి రోబో ప్రవేశించింది ప్రధానంగా ఈ వంపు కోసమే.

రోబో రాక ముందు ఈ చోట పుట్టిన కణితిని తీయడానికి ఉన్న ప్రధాన మార్గం చాలా కఠినమైనది. కింది పెదవిని నిలువుగా చీల్చి, గడ్డం దగ్గర దవడ ఎముకను రంపంతో రెండుగా కోసి, తలుపు రెక్క తెరిచినట్టు పక్కకు తెరిచి, నాలుక పక్క నుంచి వెనక్కి చేరుకుని కణితిని తొలగించి, ఆ తరువాత దవడను లోహపు పలకలతో తిరిగి బిగించేవారు. ఊపిరి ఆడటానికి మెడ ముందుభాగంలో రంధ్రం పెట్టి గొట్టం అమర్చేవారు, ఆహారానికి ముక్కు ద్వారా కడుపులోకి మరో గొట్టం వేసేవారు. కణితి వేరుశనగ గింజంతే ఉన్నా దానిని చేరే దారి కోసం తరచుగా ఇంత విధ్వంసం తప్పేది కాదు. ఇంత కోత భరించలేని రోగులకు మందులు, రేడియేషన్ మాత్రమే మిగిలేవి. నోటి గుండానే లోపలికి వెళ్లి, పైన ఎక్కడా గాటు లేకుండా, అదే కణితిని అంచులతో సహా తీయగలగడమే నోటి మార్గపు రోబోటిక్ శస్త్రచికిత్స సాధించిన మార్పు.

రోబో అన్న మాట సామాన్య పాఠకుణ్ణి కొంత తప్పుదారి పట్టిస్తుంది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన ఒక నాటకంతో లోకానికి పరిచయమైన ఈ మాటకు మూలం ఆ భాషలో వెట్టిచాకిరీ అనే అర్థమున్న పదం. ఆపరేషన్ గదిలోని రోబోకు ఆ మూలార్థమే చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అది తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు, వైద్యుని వేలు కదలనిదే తన వేలు కదపదు. గొంతు శస్త్రచికిత్సల్లో వాడే యంత్రం మూడు భాగాలుగా ఉంటుంది: రోగి పక్కన నిలిచే, పొడవాటి చేతులున్న బండి ఒకటి, కెమెరా చిత్రాలను సిద్ధం చేసే పెట్టె ఒకటి, కొద్ది అడుగుల దూరంలో వైద్యుడు కూర్చుని తల ఆనించి చూసే మేజా ఒకటి. వైద్యుడు వేళ్లకు తగిలించుకున్న పట్టీలను ఎటు తిప్పితే రోగి నోట్లో ఉన్న సన్నటి పరికరపు కొన అటు తిరుగుతుంది.

ఈ తిరగడంలోనే అసలు విశేషం ఉంది. మామూలు పొడవాటి పరికరాన్ని నోట్లోకి పంపినప్పుడు అది కర్రలాగా నిటారుగా ఉంటుంది కాబట్టి, వంపు దాటి వెనక్కి వెళ్లాక దాని కొనతో కోయడం, ముడివేయడం చాలా కష్టం. రోబో పరికరపు కొనకు మనిషి మణికట్టు లాంటి కీలు ఉండటం వల్ల అది లోపలికి వెళ్లాక కూడా నాలుగు వైపులకూ వంగుతుంది. దానితోపాటు లోపలికి వెళ్లే కెమెరాకు పక్కపక్కనే రెండు కళ్లు ఉంటాయి కాబట్టి వైద్యుడికి లోతు తెలిసే చిత్రం, అనేక రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. కెమెరా కొనను 30 డిగ్రీల వాలుతో తయారు చేస్తే వంపు అవతలి భాగం కూడా ఎదురుగా ఉన్నట్టే కనబడుతుంది. వైద్యుని చేయి మూడు సెంటీమీటర్లు కదిలితే లోపలి కొన ఒక్క సెంటీమీటరే కదిలేలా యంత్రాన్ని అమర్చుకోవచ్చు, ఎంత నైపుణ్యమున్న చేతికైనా సహజంగా ఉండే సన్నని వణుకును యంత్రం వడపోసి ఆపేస్తుంది.

అయితే ఇదే యంత్రానికి చాలాకాలం ఒక పెద్ద లోటు ఉండేది. వేలితో తాకినప్పుడు కణితి గట్టిగానూ, ఆరోగ్యమైన కండ మెత్తగానూ తగులుతాయి. తరతరాల శస్త్రవైద్యులు కణితి అంచును గుర్తించింది ఈ స్పర్శతోనే. రోబోలో ఆ స్పర్శ ఉండదు, దారం ఎంత బిగుతుగా లాగుతున్నదీ కంటితో చూసి ఊహించవలసిందే. 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన కొత్త తరం యంత్రంలో ఒత్తిడిని వైద్యుని వేళ్లకు తెలియజేసే ఏర్పాటు వచ్చింది గానీ, ప్రపంచంలో ఇప్పుడు వాడుకలో ఉన్న యంత్రాలలో ఎక్కువ భాగం దానికి ముందు తరానివే.

శస్త్రచికిత్సలో యంత్రహస్తం వాడటం 1985లో, పరిశ్రమల కోసం తయారైన ప్యూమా 560 అనే రోబో సాయంతో మెదడు నుంచి చిన్న ముక్క తీయడంతో మొదలైంది. కాలిఫోర్నియాలో 1995లో పుట్టిన ఇంట్యూటివ్ సర్జికల్ కంపెనీ తయారు చేసిన డావిన్చీ యంత్రానికి 2000లో పొట్ట భాగపు శస్త్రచికిత్సలకు అనుమతి లభించింది. దానిని నోటి గుండా పంపవచ్చునన్న ఆలోచనను 2000ల దశకం మధ్యలో పరిశోధనగా మలిచి, ఒక పద్ధతిగా నిలబెట్టినవారు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యులు గ్రెగరీ వైన్‌స్టీన్, బెర్ట్ ఓమాలీ. వారి కృషి ఆధారంగా 2009 డిసెంబరులో, గొంతులో చిన్న దశలో ఉన్న కణితులకు ఈ పద్ధతిని వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చింది. చిన్న దశ అన్న ఆ షరతును పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఈ వ్యాసమంతా చివరికి దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ రంగంలో తెలుగు ఇంటిపేరు ఒకటి గట్టిగా వినిపిస్తుంది. దువ్వూరి ఉమామహేశ్వర్ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తల, మెడ భాగాల రోబోటిక్ శస్త్రచికిత్సకు సారథ్యం వహించి, ఆ తరువాత న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ వైద్యకేంద్రంలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి అధిపతి అయ్యారు. నిటారైన చేతులకు బదులు పాములా మెలికలు తిరుగుతూ గొంతులోకి దిగే రోబో ఒకటి అదే పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన నుంచి పుట్టింది. దానికి 2015లో అమెరికాలో అనుమతి రాగా, దానిని తొలిరోజుల్లో రోగులపై వాడినవారిలో దువ్వూరి ఒకరు.

ఆపరేషన్ జరిగే తీరును కొంచెం దగ్గరగా చూస్తే యంత్రం కంటే దాని చుట్టూ ఉన్న మనుషుల శ్రమ ఎక్కువని తెలుస్తుంది. రోగికి పూర్తి మత్తు ఇచ్చి, ఊపిరి గొట్టాన్ని వీలైతే ముక్కు గుండా వేసి, నాలుకను దారంతో ముందుకు లాగి పట్టి, నోటిని తెరిచి ఉంచే లోహపు చట్రాన్ని పళ్ల మధ్య బిగిస్తారు. ఈ చట్రాన్ని సరిగ్గా కుదర్చడమే సగం పని, ఎందుకంటే నోరు తగినంత తెరుచుకోకపోతే కెమెరా, రెండు చేతులు ఒకదానికొకటి తగులుకుని లోపల ఏమీ సాగదు. వక్క నమిలి నమిలి బుగ్గలు బిగుసుకుపోయి, రెండు వేళ్లు కూడా పట్టనంతగా నోరు మూసుకుపోయిన రోగికి ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా ఈ మార్గం మూసుకుపోయినట్టే. రోగి తలవైపు కూర్చునే సహాయ వైద్యుడు ఒక చేత్తో రక్తాన్ని, పొగను పీల్చే గొట్టాన్ని పట్టుకుని, మరో చేత్తో తెగిన రక్తనాళానికి చిన్న లోహపు క్లిప్పులు బిగిస్తూ ఉంటాడు. దూరంగా మేజా దగ్గర కూర్చున్న వైద్యుడికి నాలుక ధమని కొట్టుకోవడం పెద్ద బొమ్మలా కనిపిస్తుంది గానీ, అది చిట్లిన క్షణంలో దానిని మొదట అదిమి పట్టేది తలాపున ఉన్న ఆ సహాయకుడే.

ఈ పద్ధతిలో అసలైన ప్రమాదం కూడా రక్తస్రావమే, అది ఎక్కువగా ఆపరేషన్ బల్ల మీద కాక ఆ తరువాతి రెండు వారాల్లో వస్తుంది. నోట్లో పచ్చిగా ఉన్న పుండు మానుతూ పైపొర ఊడేటప్పుడు లోపలి నాళం తెరుచుకుంటే, రక్తం ఊపిరి గొట్టంలోకి దిగి కొద్ది నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. కడప జిల్లాలోని కమలాపురం లాంటి ఊరి నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లి ఈ ఆపరేషన్ చేయించుకున్న రోగి వారం తిరగకముందే ఇంటికి చేరితే, ఆ ప్రమాదాన్ని కూడా వెంట తెచ్చుకున్నట్టే అవుతుంది. 2021 నవంబరు వరదల్లో కమలాపురం వద్ద పాపాఘ్ని నది మీది వంతెన కూలి కడపకు నేరుగా వెళ్లే దారే తెగిపోయిన సంగతి ఆ ప్రాంతంవారికి ఇంకా గుర్తుంది. దారి బాగున్న రోజున కూడా రాత్రిపూట గొంతులో రక్తం పడితే పాతిక కిలోమీటర్లు తక్కువ దూరం కాదు. అందువల్ల మొదటి రెండు వారాలూ ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికి దగ్గరలోనే గది తీసుకుని ఉండటం విలాసం కాదు, చికిత్సలో భాగం. ఆ అద్దె, తోడున్న మనిషి కూలి నష్టం లెక్కలో వేసుకోకుండా యంత్రం ఖర్చు ఒక్కటే అడిగి ఊరుకునే కుటుంబాలు తరువాత ఇబ్బంది పడతాయి.

రేడియేషన్‌తో పోలిస్తే రోబో మేలా అన్న ప్రశ్నకు జవాబు చాలామంది అనుకున్నంత ఏకపక్షంగా లేదు. కెనడాలోని ఆంథొనీ నికల్స్ బృందం నాయకత్వంలో జరిగిన ఒరేటర్ అనే అధ్యయనంలో గొంతు క్యాన్సర్ ఉన్న 68 మందిని రెండు వర్గాలుగా విభజించి, సగం మందికి రేడియేషన్, సగం మందికి రోబోటిక్ శస్త్రచికిత్స చేశారు. 2019లో వెలువడిన ఫలితాల్లో ఏడాది తరువాత మింగే శక్తి రేడియేషన్ వర్గంలోనే కాస్త మెరుగ్గా కనిపించింది, అయితే రోగి రోజువారీ జీవితంలో తెలిసేంత తేడా మాత్రం లేదు. రేడియేషన్ పొందినవారిలో వినికిడి తగ్గడం, చెవిలో హోరు ఎక్కువగా కనిపించగా, శస్త్రచికిత్స పొందినవారిలో దవడ బిగుసుకోవడం ఎక్కువగా కనిపించింది, ఒకరు రక్తస్రావంతో మరణించారు. ఆ తరువాతి అధ్యయనాన్ని శస్త్రచికిత్స వర్గంలో మరణాలు సంభవించడంతో మధ్యలోనే ఆపవలసి వచ్చింది. దీనిని బట్టి రోబో పనికిరాదని కాదు, ఎంపిక సరిగ్గా జరగాలని, అనుభవమున్న చేతిలోనే అది వాడబడాలని అర్థం. కర్నూలు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో రేడియేషన్ చికిత్సలో పేరు తెచ్చుకుని, 2015లో పద్మశ్రీ అందుకున్న నోరి దత్తాత్రేయుడు గారి రంగం కూడా ఈ రోగులకు సమానమైన దారే అన్న సంగతి రాయలసీమ పాఠకుడు మరవకూడదు. శస్త్రవైద్యుడు, రేడియేషన్ వైద్యుడు, మందుల వైద్యుడు ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక రోగి గురించి మాట్లాడుకునే ఆసుపత్రి, రోబో ఉండి ఆ అలవాటు లేని ఆసుపత్రి కంటే మేలు.

ఇక్కడ పాశ్చాత్య దేశాలకూ రాయలసీమకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అమెరికాలో గొంతు రోబోకు ఇంత ఆదరణ రావడానికి కారణం అక్కడ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో పుట్టే క్యాన్సర్లు పెరగడం. అవి రోబో చేతికి సరిగ్గా అందే చోట పుడతాయి. భారతదేశంలో 2022లో నమోదైనట్టు అంచనా వేసిన కొత్త నోటి, పెదవి క్యాన్సర్లు 1.4 లక్షలకు పైమాటే, పురుషులలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. వీటిలో అధిక భాగం పొగాకు ముక్కను, వక్కను, సున్నాన్ని గంటల తరబడి ఆనించి ఉంచే బుగ్గ లోపలి పొరలో, చిగుళ్ల మీద పుడతాయి. కమలాపురానికి పక్కనే ఉన్న చెన్నూరు తమలపాకుకు పేరుపొందిన ఊరు. భోజనమయ్యాక వక్కాకు వేసుకోవడం సీమలో మర్యాదలో భాగం. ఆకు వల్ల హాని తెలియదు గానీ, పొగాకు కలపని ఒట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. పొగాకు లేదు కాబట్టి ప్రమాదం లేదని నమ్మి రోజుకు పది సార్లు వక్క నమిలే పెద్దవాళ్లకు ఈ విషయం చేరవలసినంతగా చేరలేదు.

బుగ్గలో పుట్టిన క్యాన్సర్‌కు రోబో అవసరం దాదాపు లేదు. అది వైద్యుని చేతికి నేరుగా అందుతుంది, వేలితో తాకి అంచు తెలుసుకోవచ్చు, మామూలు కత్తితో పూర్తిగా తీయవచ్చు. తీసిన చోట పూడ్చడానికి ఛాతీ నుంచో తొడ నుంచో కండ తెచ్చి అతికే నైపుణ్యమే అక్కడ రోగి ముఖాన్ని, మాటను నిలబెడుతుంది. కాబట్టి బుగ్గ పుండుతో వచ్చిన రోగికి రోబో ఉన్న ఆసుపత్రి కోసం అప్పుచేసి పరుగెత్తవలసిన పని లేదని స్పష్టంగా చెప్పవలసి ఉంది. గొంతు బొంగురుపోయి, మింగితే చెవిలోకి పోటు వస్తూ, నాలుక మొదట్లోనో టాన్సిల్‌లోనో చిన్న కణితి ఉన్నట్టు తేలిన రోగి విషయం వేరు. అతని విషయంలో రోబో గురించి అడగడం న్యాయమే.

చెవి విషయానికి వస్తే రోబో పని పూర్తిగా మరో రకమైనది. గొంతులో సమస్య దారి వంకరగా ఉండటం, చెవిలో సమస్య దారి మరీ ఇరుకుగా ఉండటం. పుట్టుకతో చెవుడు ఉన్న పిల్లలకు అమర్చే కోక్లియర్ ఇంప్లాంట్‌లో, చెవి వెనుక ఎముకను తొలిచి, నత్తగుల్లలా చుట్టలు చుట్టుకున్న కోక్లియా అనే లోచెవి భాగంలోకి వెంట్రుకల కట్టంత సన్నటి విద్యుత్ తీగను జొప్పించాలి. ఆ తొలిచే దారికి ఒక పక్క ముఖాన్ని కదిలించే నాడి, మరో పక్క రుచిని తెలిపే నాడి ఉంటాయి. రెండింటి నడుమ ఉన్న జాగా రెండు మూడు మిల్లీమీటర్లే. ముఖనాడి తెగితే పిల్లవాడి మూతి శాశ్వతంగా ఒక పక్కకు వంకరపోతుంది. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో మార్కో కావర్సాక్సియో, స్టెఫాన్ వెబర్ బృందం 2016లో, సీటీ స్కాన్ ఆధారంగా ముందే గీసుకున్న గీత మీద రోబో చేత 1.8 మిల్లీమీటర్ల వెడల్పుతో సొరంగం తొలిపించి తొలి ఇంప్లాంట్ అమర్చింది. రోబో తొలుస్తున్నంతసేపూ ముఖనాడికి ఎంత దగ్గరగా వచ్చిందో మరో పరికరం విద్యుత్ ప్రేరణతో కనిపెడుతూ ఉండటం ఆ ఏర్పాటులో అందమైన భాగం. తీగను జొప్పించే పనికి మాత్రమే పరిమితమైన చిన్న యంత్రానికి 2021లో అమెరికాలో అనుమతి లభించింది. మనిషి చెయ్యి ఎంత నెమ్మదిగా తోయగలదో దానికి ఎన్నో రెట్లు నెమ్మదిగా ఆ యంత్రం తోస్తుంది, దానివల్ల కోక్లియా లోపలి పలచని పొరలు చిరగకుండా, మిగిలి ఉన్న కాస్త వినికిడి నిలిచే అవకాశం పెరుగుతుంది.

ఇంత చెప్పిన తరువాత కూడా, ఈ యంత్రాలు లేకుండానే తెలుగు రాష్ట్రాల వైద్యులు చేత్తో, సూక్ష్మదర్శిని సాయంతో, పిల్లలకు విజయవంతంగా ఇంప్లాంట్లు అమరుస్తున్నారన్నది మరింత విలువైన సమాచారం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, పేద కుటుంబాల చిన్నపిల్లలకు ఈ ఖరీదైన చికిత్సను అందుబాటులోకి తెచ్చింది. పిల్లవాడికి మాట రావడంలో తొలిచింది రోబోనా చెయ్యా అన్నదానికంటే వయసు ముఖ్యం. మెదడులో వినికిడికి కేటాయించిన భాగం మొదటి రెండు మూడేళ్లలో శబ్దం అందకపోతే ఇతర పనులకు మళ్లిపోతుంది, ఆ తరువాత ఎంత మంచి తీగ వేసినా మాట స్పష్టంగా రావడం కష్టం. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా అంగీకరించిన లెక్క. మేనమామ బిడ్డలను, మేనత్త కొడుకులను చేసుకోవడం ఆచారంగా ఉన్న రాయలసీమలో వారసత్వపు చెవుడు ఎక్కువగా కనిపించడానికి శాస్త్రీయమైన కారణం ఉంది. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ బయటపడకుండా దాగి ఉన్న ఒకే లోపభూయిష్టమైన జన్యువు దగ్గరి చుట్టరికం వల్ల బిడ్డలో జంటగా కలుస్తుంది. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డకు నిద్రలో ఉండగానే చెవిలో చిన్న మొన పెట్టి రెండు నిమిషాల్లో చేసే పరీక్ష ఉంది, దానికి నొప్పి లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే చెవుడును తన జాబితాలో చేర్చింది కాబట్టి, ఆ పరీక్షను అడిగి చేయించుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది. మేనమామ కూడా ఆలస్యంగానే మాట్లాడాడులే అని అవ్వలు చెప్పే ఓదార్పు ఈ విషయంలో బిడ్డకు తీరని నష్టం చేస్తుంది.

ముక్కులో రోబోకు ఇప్పటికి పెద్ద స్థానం లేదు. రోబో పరికరాలు ముక్కు రంధ్రానికి లావు కావడం, సన్నటి ఎండోస్కోపుతోనే సైనస్‌ల లోపలిదాకా చూడగలగడం దీనికి కారణాలు. 2021లో కోవిడ్ రెండో ఉధృతి తరువాత నల్ల ఫంగస్ విజృంభించినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వందలాది రోగుల ముక్కును, కంటి చుట్టూ భాగాన్ని శుభ్రం చేసింది ఆ ఎండోస్కోపులే.

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బుకు నాలుక మొదట్లో పెరిగిన కండను రోబోతో తగ్గించే పద్ధతిని ఇటలీ వైద్యుడు క్లాడియో విచీని ముందుకు తెచ్చారు. ముఖానికి తగిలించుకునే గాలి యంత్రం ఏ రకంగానూ సరిపడని కొందరికి అది ఉపయోగపడుతుంది. మెడ మీద గాటు కనపడకుండా చంక గుండా వెళ్లి థైరాయిడ్ గడ్డను తీసే రోబో పద్ధతిని 2000ల దశకం చివర కొరియా వైద్యులు ప్రాచుర్యంలోకి తెచ్చారు. పెళ్లికావలసిన ఆడపిల్లల తల్లిదండ్రులు దీనిని ఆశగా అడుగుతుంటారు. జబ్బు నయం కావడంలో మామూలు ఆపరేషన్ కంటే దీనికి అదనపు మేలు ఏమీ లేదు, మచ్చ చోటు మారుతుంది, ఖర్చు పెరుగుతుంది. అమెరికాలో రోబో తయారీ కంపెనీయే 2011లో ఈ ఆపరేషన్‌కు తన మద్దతును ఉపసంహరించుకుంది.

ఖర్చు గురించి దాపరికం లేకుండా మాట్లాడవలసి ఉంది. విదేశాల నుంచి తెచ్చే ఒక యంత్రం ధర కోట్లలో ఉంటుంది. 2023లో హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన రోబోకు 30 కోట్ల రూపాయలకు పైగానే వెచ్చించారు. అదే ఏడాది హైదరాబాదు ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి కూడా రోబో వచ్చింది. యంత్రం కొనడంతో ఖర్చు ఆగదు, దాని వేళ్ల లాంటి పరికరాలను నిర్ణీత సంఖ్యలో, పది పదిహేను సార్లు వాడాక, బాగానే ఉన్నా పారేయవలసిందే, ఆ లెక్కను యంత్రమే దాచిపెట్టుకుని గడువు తీరగానే పనిచేయడం మానేస్తుంది. ప్రతి రోగి బిల్లులోకి ఈ ఖర్చు చేరుతుంది. గురుగ్రామ్‌లో వైద్యుడు సుధీర్ శ్రీవాస్తవ సారథ్యంలో తయారైన ఎస్‌ఎస్‌ఐ మంత్ర అనే స్వదేశీ యంత్రానికి 2022లో అనుమతి రావడం, అది విదేశీ యంత్రం కంటే బాగా తక్కువ ధరకు దొరకడం మంచి పరిణామం. దూరంగా కూర్చుని ఆపరేషన్ చేయడానికి కూడా దానికి అనుమతి లభించింది. 2001లో న్యూయార్క్‌లో కూర్చున్న ఫ్రెంచి వైద్యుడు జాక్ మారెస్కో ఫ్రాన్సులోని రోగికి పిత్తాశయం తీసిన నాటి నుంచి ఈ ఆశ ప్రపంచాన్ని ఊరిస్తూనే ఉంది. కానీ దూరం నుంచి నడిపేది వైద్యుని చేతులను మాత్రమే, మత్తు ఇచ్చే వైద్యుడు, తలాపున కూర్చునే సహాయకుడు, రక్తనిధి, రాత్రిపూట కాపలా ఉండే నర్సు రోగి పక్కనే ఉండాలి. చిన్న ఊరి ఆసుపత్రిలో వీరు లేనంతకాలం యంత్రాన్ని బండి మీద తెచ్చి నిలిపినా ఉపయోగం ఉండదు.

ఆరోగ్యబీమా ఉన్నవారు ఒక విషయం తెలుసుకోవాలి. బీమా నియంత్రణ సంస్థ 2019లో రోబోటిక్ శస్త్రచికిత్సను బీమా కంపెనీలు నిరాకరించడానికి వీల్లేని ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చింది గానీ, దానికి పరిమితి విధించుకునే వెసులుబాటు కంపెనీలకు ఇచ్చింది. పత్రంలో ఆ పరిమితి ఎంతో ఆపరేషన్‌కు ముందే చూసుకోకపోతే డిశ్చార్జి రోజున లక్షల తేడా చేతి నుంచి కట్టవలసి వస్తుంది. వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలు కూడా కొన్ని ఉన్నాయి: ఈ చోటి కణితికి రోబో లేకుండా చేస్తే ఏమి తేడా వస్తుంది, రేడియేషన్ ఒక్కటే సరిపోదా, ఈ ఆపరేషన్ తరువాత కూడా రేడియేషన్ తప్పదా, మీరు ఇలాంటివి ఎన్ని చేశారు. చివరి ప్రశ్న అడగడానికి పల్లె మనిషి మొహమాటపడతాడు, మంచి వైద్యుడు మాత్రం దానికి నొచ్చుకోడు.

కమలాపురం మనిషి చుట్టూ దారులు లేకపోలేదు. కడపలో 2006లో మొదలైన రిమ్స్ బోధనాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది, కర్నూలులో 1956 నాటి వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, తిరుపతిలో స్విమ్స్‌తోపాటు 2022లో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, తరతరాలుగా సీమవాసులు రైలెక్కి వెళ్లే వేలూరు ఉంది. రోబో కావాలా వద్దా అన్న నిర్ణయం హైదరాబాదులోనో బెంగళూరులోనో జరగవచ్చు గానీ, దానికి అసలు అవకాశం ఉంటుందా అన్నది అంతకు ఎన్నో నెలల ముందు, ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టార్చిలైటు వెలుతురులో తేలిపోతుంది. రోబో చిన్న కణితికే పనికొస్తుంది, ఆలస్యంగా వచ్చిన పెద్ద కణితికి దవడ కోయడం, మెడలో గొట్టం ఇప్పటికీ తప్పవు. బుగ్గలో, నాలుక మీద మూడు వారాలు దాటినా మానని పుండు, మూడు వారాలు దాటిన బొంగురు గొంతు, మింగేటప్పుడు ఒకే పక్క చెవిలోకి కొట్టే నొప్పి, మెడలో నొప్పి లేకుండా పెరిగే గడ్డ, వీటిలో ఏ ఒక్కటి ఇంట్లో ఎవరికి ఉన్నా పసరు వైద్యంతోనో, మందుల షాపు మాత్రలతోనో మరో నెల గడపకండి, ఈ వారమే వారిని వెంటబెట్టుకుని వెళ్లి ఈఎన్‌టీ వైద్యుడికి నోరు తెరిచి చూపించండి.